గోడ బీటకు మూలం నేలలో

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్న సామెతలో ఇల్లే ముందుగా వచ్చింది. సామాన్య కుటుంబం ఒక తరం పాటు కూడబెట్టినదంతా, దానిపైన తెచ్చిన అప్పుతో సహా, నాలుగు గోడలలో నిక్షిప్తమై ఉంటుంది. ఆ వ్యయంలో కంటికి కనిపించని భాగం పునాది. గోడల రంగు గురించి, గచ్చుకు పరిచే రాయి గురించి నెలల తరబడి ఆలోచించే గృహస్థు, గోతులు పూడ్చిన మరునాటి నుంచి పునాదిని మరచిపోతాడు. ఏ పదేళ్లకో ఒక కిటికీ మూల నుంచి బీట ఏటవాలుగా పైకి పాకినప్పుడు అది మళ్లీ జ్ఞాపకం వస్తుంది.

అప్పుడు సాధారణంగా జరిగేది ఏమంటే, తాపీ మేస్త్రిని పిలిపించి బీటను సిమెంటుతో పూడ్పించి, పైన రంగు వేయించడం. మరుసటి వేసవికి అదే బీట, అదే చోట, మరికొంచెం వెడల్పుగా తెరుచుకుంటుంది. వ్యాధి నేలలో ఉండగా వైద్యం గోడకు జరిగితే ఫలితం ఇంతకన్న భిన్నంగా ఉండదు.

పునాది దెబ్బతిన్నదనగానే చాలామంది ఇంటి బరువును అనుమానిస్తారు. బరువు తక్కువేమీ కాదు. తొమ్మిది అంగుళాల మందం, మూడు మీటర్ల ఎత్తు గల ఇటుక గోడ ప్రతి మీటరు పొడవుకూ సుమారు 1.3 టన్నులు తూగుతుంది. కాని, ఇంటిపై మరో అంతస్తు వేస్తే తప్ప, ఆ బరువు గృహప్రవేశం నాడు ఎంతో ఇరవై ఏళ్ల తరువాత కూడా దాదాపు అంతే. ఈ ఇరవై ఏళ్లలో ఏటా మారుతూ వచ్చినది గోడ కింది నేలలోని తడి. అది ఇంటి చుట్టూ ఒకే తీరుగా పెరిగి, ఒకే తీరుగా తగ్గితే పెద్ద ప్రమాదం లేదు. ఒక మూల నాని, మరొక మూల ఎండినప్పుడు పునాది ఒకచోట లేస్తుంది, ఒకచోట కుంగుతుంది. వంగడం ఇటుక గోడకు చేతకాదు కనుక అది పగులుతుంది.

నల్లరేగడి నైజం

భారతదేశపు విస్తీర్ణంలో సుమారు ఐదో వంతు నల్లరేగడి నేలలని అంచనా. మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, గుజరాత్, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో లక్షలాది ఇళ్లు వీటి మీదనే నిలిచి ఉన్నాయి. పత్తి పండించే రైతుకు ఈ నేల వరం. వేసవిలో నెర్రెలు విచ్చి, పైమట్టి ఆ నెర్రెలలోకి రాలి, వానకు మళ్లీ కలిసిపోయే దీనిని తనను తానే దున్నుకునే నేల అంటారు. సేద్యానికి అంతగా ఉపకరించే ఈ గుణమే కట్టడానికి అపకారం చేస్తుంది.

ఈ మట్టిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం అధికంగా ఉంటుంది. ఫ్రాన్సులోని మాంట్‌మొరిల్లాన్ అనే ఊరి పేరు మీద దానికి ఆ పేరు వచ్చింది. దాని నిర్మాణం తాటాకు గ్రంథం వలె అతి పలుచని పొరల దొంతర. నీరు ఆ పొరల మధ్యకు చొరబడి వాటిని ఎడం చేస్తుంది. నీరు పోగానే పొరలు తిరిగి దగ్గరవుతాయి. ఉబ్బే సమయంలో ఈ మట్టి చదరపు మీటరుకు 10, 20 టన్నుల ఒత్తిడిని చూపడం అరుదు కాదు. ఒక అంతస్తు ఇల్లు నేలపై మోపే ఒత్తిడి అంతకంటె చాలా తక్కువ. కాబట్టి నేల ఇంటిని అవలీలగా ఎత్తగలదు.

ఇంటి నడుమ కప్పు నీడలో ఉన్న మట్టి ఎండకు ఆరదు, వానకు నానదు. కింది నుంచి ఎగబాకిన చెమ్మ బయటికి పోయే దారి లేక అక్కడే నిలిచి, ఏళ్లు గడిచేకొద్దీ నడిగది గచ్చును పైకి నెట్టుతుంది. వెలుపలి గోడల కింది మట్టి మాత్రం ప్రతి వానకూ ఉబ్బి, ప్రతి ఎండకూ కుంచించుకుపోతుంది. వెలుపలి గోడలు బయటికి ఒరగడానికి, గచ్చు మధ్యలో ఉబ్బడానికి కారణం ఇదే.

ఎండిన నేల చేసే హాని మన దేశానికే పరిమితం కాదు. లండన్ నగరం కింద ఉన్న బంకమట్టి కూడా ఈ జాతిదే. 1976 వేసవిలో బ్రిటన్‌లో తీవ్రమైన అనావృష్టి ఏర్పడినప్పుడు ఆ బంకమట్టి కుంచించుకుపోయి, ముఖ్యంగా పెద్ద చెట్లకు సమీపాన ఉన్న ఇళ్లు విస్తారంగా బీటలు వారాయి. ఇళ్లు కుంగడం వల్ల కలిగే నష్టం అక్కడి బీమా సంస్థలకు పెద్ద భారంగా పరిణమించినది ఆ సంవత్సరమే.

నల్లరేగడి కాని నేలల్లోనూ నీటి నుంచి పూర్తి రక్షణ లేదు. ఇసుక నేలలో పారే నీరు సన్నని రేణువులను తనతో కొట్టుకుపోయి పునాది కింద ఖాళీలు మిగులుస్తుంది. గుంటలను మట్టితో పూడ్చి చదును చేసిన స్థలాల్లో, సరిగా దిమ్మిస చేయని పూడికమట్టి మొదటి నాలుగైదు వర్షాలకే అణగిపోతుంది.

కప్పు మీది నీరు ఎక్కడికి పోతున్నది?

పునాది రక్షణలో మొదటి ప్రశ్న ఇదే. 100 చదరపు మీటర్ల డాబాపై 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే 5,000 లీటర్ల నీరు చేరుతుంది. ఏటా 900 మిల్లీమీటర్ల వర్షం పడే ప్రాంతంలో అదే డాబా మీద సంవత్సరానికి 90,000 లీటర్లు పడతాయి. ఈ నీటినంతా రెండు, మూడు గొట్టాల ద్వారా గోడ మొదట్లోనే వదిలిపెట్టే ఇళ్లు ప్రతి వీధిలోనూ కనిపిస్తాయి. నేలంతటా పడవలసిన వానను ఒక మూలలో గుమ్మరించినట్లవుతుంది. ఇంటి బీటలు తరచు ఆ మూలనే మొదలు కావడం యాదృచ్ఛికం కాదు.

గొట్టం అడుగున ఒక వంపు ముక్కను తగిలించి, నీరు కాలువలోకో, ఇంటికి దూరంగా ఉన్న గుంతలోకో పోయేటట్లు చేయడం స్వల్ప వ్యయంతో అయ్యే పని. దీనికి తోడు, గోడ వెంబడి ఇంటి చుట్టూ కాంక్రీటు పట్టీ ఉండాలి. మామూలు నేలల్లో అది మీటరు వెడల్పుకు తగ్గకుండా, నల్లరేగడిలో రెండు మీటర్ల వరకు ఉండడం మంచిది. మీటరుకు మూడు నాలుగు సెంటీమీటర్ల వాలు గోడ నుంచి బయటికి ఉండాలి. పట్టీకీ గోడకూ మధ్య ఉండే సందును సిమెంటుతో మూస్తే అది త్వరలోనే విడిపోతుంది. అక్కడ తారు వంటి సాగే పదార్థాన్ని నింపాలి. లేనిపక్షంలో, నీటిని ఆపడానికి వేసిన పట్టీయే ఆ సందు గుండా నీటిని సూటిగా పునాదికి చేరుస్తుంది.

గోడను ఆనుకొని పూలమొక్కలకు పాదులు తీయడం ఎంత అందంగా ఉన్నా పునాదికి మేలు చేయదు. రోజూ తడిపే పాదు ఉన్న వైపు నేల ఏడాది పొడవునా నాని ఉంటుంది, లేని వైపు ఎండుతుంది. మొక్కలను కాంక్రీటు పట్టీకి అవతల నాటితే అందానికి లోటు రాదు.

కంటబడని తడి

వాన నీరు ఏడాదిలో కొన్ని నెలలే. నేలలో పాతిన గొట్టం కారితే ఆ తడి పన్నెండు నెలలూ ఉంటుంది. స్నానాలగది గోడ అడుగున ఎప్పుడూ చెమ్మ, ఉప్పు పొంగి రాలే పూత, ఎండకాలంలోనూ ఒకేచోట పచ్చగా మొలిచే గడ్డి, ఇవి లోపలి కారుడుకు ఆనవాళ్లు. అనుమానం తీర్చుకోవడం సులభం. రాత్రి కొళాయిలన్నీ కట్టివేసి మీటరు అంకెను రాసుకోవాలి. తెల్లవారేసరికి అంకె మారితే నీరు ఎక్కడో పోతున్నదన్నమాట. మీటరు లేని ఇంట్లో నేలతొట్టి నీటి మట్టం వద్ద సుద్దముక్కతో గీత గీసి, మోటారు వేయకుండా ఉదయం వరకు ఉంచి చూడవచ్చు.

మరుగుదొడ్డి నీరు ఇంకే గుంత నివాసగృహానికి కనీసం 6 మీటర్ల దూరంలో ఉండాలని భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించింది. ఇరుకు స్థలాల్లో ఈ దూరం దొరకదు. అటువంటి చోట, వీధిలో మురుగు గొట్టాల వ్యవస్థ ఉంటే ఇంటి మురుగును దానితో కలపడం శ్రేయస్కరం. వాన నీటి కోసం తవ్వే ఇంకుడు గుంత విషయంలోనూ వివేకం అవసరం. భూగర్భ జలాలకు అది ఎంత మేలో, గోడ మొదట్లో తవ్వితే పునాదికి అంత చేటు. స్థలంలో ఇంటికి వీలైనంత దూరాన, బంకమట్టి పొరను దాటి మొరం తగిలేవరకు తవ్వితే నీరు నేలలోకి దిగుతుంది, పునాదీ క్షేమంగా ఉంటుంది.

చెట్టు, పందికొక్కు, పొరుగువారి గొయ్యి

ఇంటి సమీపాన చెట్టు ఉండరాదని కాదు. ఎదిగిన తరువాత ఎంత ఎత్తు కాగలదో దాదాపు అంత దూరంలో నాటడం బంకనేలల్లో క్షేమం. మర్రి, రావి, నీలగిరి వంటివి వేళ్లతో గొట్టాలను వెతుక్కుంటూ పోతాయి. గోడ సందులో మొలిచిన రావి మొక్కను వేరుతో సహా తీసివేయాలి. పైపైన తుంచితే అది మరింత బలంగా చిగురిస్తుంది. అయితే, గోడ పక్కన ముప్పై నలభై ఏళ్లుగా ఉన్న మహావృక్షాన్ని ఒక్కసారిగా నరికివేయడం కూడా మంచిది కాదు. అన్నేళ్లుగా అది పీల్చుకున్న నీరు తిరిగి నేలలో నిలిచి, బంకమట్టి ఉబ్బి, చెట్టు చేయని హాని చెట్టు లేకపోవడం వల్ల జరుగుతుంది. అటువంటి చోట అనుభవజ్ఞుడైన ఇంజనీరును సంప్రదించి, కొమ్మలను దఫదఫాలుగా తగ్గిస్తూ రావడమా, మరో ఉపాయమా అన్నది నిర్ణయించుకోవాలి.

పందికొక్కులు పునాది పక్కన బొరియలు చేస్తే వాటి గుండా వాన నీరు నేరుగా అడుగుకు చేరుతుంది. బొరియను గుడ్డపేలికలతోనో, వదులు మట్టితోనో మూయడం వృథా. రాళ్లు, గాజుపెంకులు కూరి కాంక్రీటుతో మూయించాలి.

పట్టణాలలో వీటన్నింటికంటె తీవ్రమైన ప్రమాదం పక్క స్థలంలో జరిగే లోతైన తవ్వకం. బహుళ అంతస్తుల భవనానికి సెల్లారు కోసం తీసే గొయ్యి పొరుగు ఇంటి పునాది కంటె లోతుకు పోయినప్పుడు, ఆ పునాదిని పక్క నుంచి పట్టి ఉంచిన మట్టి జారిపోతుంది. గొయ్యి అంచున గట్టి ఆధారపు గోడ కట్టకుండా తవ్వకం సాగుతుంటే, వెంటనే పురపాలక అధికారులకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. పని మొదలయ్యే ముందే తన ఇంటి గోడలను తేదీతో ఫోటోలు తీయించి ఉంచుకున్న గృహస్థుకు తరువాత వివాదం వస్తే అవి అక్కరకు వస్తాయి.

హద్దులు దాటిన నీరు

ఇంటి ఆవరణలో ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా వీధి నీరు లోపలికి వస్తే ప్రయోజనం లేదు. ఇంటి పీఠం చుట్టుపక్కల నేలకు 45 సెంటీమీటర్లకు తగ్గకుండా ఎత్తుగా ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతుంది. కాని, పాత తారును తవ్వి తీయకుండా ఎప్పటికప్పుడు దానిపైనే కొత్త పొర వేయడం వల్ల రోడ్డు పెరుగుతూ వస్తుంది. ఒకప్పుడు మూడు మెట్లెక్కి ప్రవేశించిన ఇంట్లోకి ఇప్పుడు ఒక మెట్టు దిగవలసి వస్తుంది. పాత రోడ్డును తొలగించి పూర్వపు మట్టానికే కొత్తది వేయాలని కోరడం వీధివాసులందరూ కలిసి చేయవలసిన పని.

నీటి పోకడను ఊరంతా ఉపేక్షిస్తే ఏమవుతుందో హిమాలయాలలోని జోషీమఠ్ చూపింది. ఆ పట్టణం పూర్వపు కొండచరియల శిథిలాల మీద వెలసినదని, అక్కడ భారీ నిర్మాణాలు తగవని, మురుగునీటి వ్యవస్థను మెరుగుపరచాలని 1976లోనే మిశ్రా సంఘం నివేదించింది. 2023 జనవరిలో అక్కడ ఎనిమిది వందలకు పైగా కట్టడాలు బీటలు వారాయి. అనేక కుటుంబాలు చలికాలంలో ఇళ్లు విడిచి తాత్కాలిక వసతులకు తరలవలసి వచ్చింది. దానికి కారణాలు పలువిధాలు. అయితే, మురుగునీరు, వాన నీరు సక్రమమైన దారి లేక వదులు నేలలోకి ఇంకిపోవడం వాటిలో ఒకటిగా నిపుణులు పేర్కొన్నారు.

బీట చెప్పే సాక్ష్యం

ప్రతి బీటకూ బెదరనవసరం లేదు. వెంట్రుక మందాన, సాలెగూడు వలె గోడంతా అల్లుకున్నవి పూత ఆరడంలో వచ్చినవి. తలుపు లేక కిటికీ మూల నుంచి ఏటవాలుగా సాగేవి, ఇటుకల మధ్య అతుకుల వెంట మెట్లుమెట్లుగా పోయేవి, గోడకు రెండువైపులా ఒకేచోట కనిపించేవి పునాది కదలికను సూచిస్తాయి. బీట పైభాగం వెడల్పుగా ఉండి కిందికి సన్నబడితే గోడ చివర కుంగుతున్నదని, కింద వెడల్పుగా ఉండి పైకి సన్నబడితే నడుమ కుంగుతున్నదని సాధారణంగా గ్రహించవచ్చు. వర్షాకాలంలో తలుపు బిగుసుకుపోతే అది కొయ్య ఉబ్బడం వల్ల కావచ్చు. ఎండకాలంలోనూ అది గడపను రాసుకుంటుంటే మాత్రం గడపే పక్కకు ఒరిగిందేమో చూడాలి.

బీట పెరుగుతున్నదా, ఆగిపోయిందా అన్నది అన్నిటికన్న ముఖ్యం. దాని రెండు కొసల వద్ద పెన్సిలుతో గీత గీసి తేదీ వేయాలి. బీటకు అడ్డంగా సన్నని గాజుపలకను రెండు చివరలా సిమెంటుతో అతికించి ఉంచే పద్ధతి పాతదైనా నమ్మదగినది. గోడ ఏమాత్రం కదిలినా గాజు పగులుతుంది. రోళ్లు పగులుతాయనే రోహిణి కార్తెలో ఒకసారి, వానలు వెనుకబట్టిన కార్తీకంలో ఒకసారి బీట వెడల్పును కొలిచి రాసుకుంటే, ఏడాది తిరిగేసరికి నేల నడవడి తెలిసిపోతుంది. ఎండకు తెరుచుకుని వానకు మూసుకునే బీట నేల ఉబ్బుతూ, కుంచించుకుపోతూ ఉందని చెబుతుంది. రుతువుతో నిమిత్తం లేకుండా పెరిగేది కుంగుదలకు గుర్తు.

వెడల్పు 5 మిల్లీమీటర్లు దాటినా, బీట వేగంగా పెరుగుతున్నా, గోడ ఒరిగినట్లు తూకపుగుండు చూపినా ఏడాది ఆగరాదు. వెంటనే ఇంజనీరుకు చూపించాలి. కుంగిన పునాది కింద కొత్త పునాది కట్టే విధానం ఉన్నది. అందులో గోడ పొడవునా ఒకేసారి తవ్వరు. మీటరు, మీటరున్నర చొప్పున, ఒకటి విడిచి ఒకటిగా తవ్వి కాంక్రీటు నింపుతూ పోతారు. అది నిపుణుల పర్యవేక్షణలో జరగవలసిన ఖరీదైన పని. నీటి కారణాన్ని తొలగించకుండా దానికి పూనుకోవడం ధనాన్ని నీళ్లపాలు చేయడమే అవుతుంది.

కొత్తగా కట్టేవారికి

నేల స్వభావాన్ని ముందే తెలుసుకునే చిన్న పరీక్ష ఒకటి ఉన్నది. బాగా ఎండిన మట్టిని మెత్తగా జల్లించి, 10 గ్రాముల చొప్పున రెండు కొలగాజు పాత్రలలో పోసి, ఒకదానిని నీటితోను, రెండవదానిని కిరోసిన్‌తోను నింపి, కలియబెట్టి 24 గంటలు కదపకుండా ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీటిలో అడుగున పేరిన మట్టి ఘనపరిమాణం కిరోసిన్‌లోని దానికంటె 50 శాతానికి మించి ఉంటే ఆ నేలలో పునాదికి ప్రత్యేక శ్రద్ధ అవసరం.

అటువంటి నేలల కోసం రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధన సంస్థ అండర్‌రీమ్డ్ పైల్ పునాదులను అభివృద్ధి చేసి ప్రచారంలోకి తెచ్చింది. పైమట్టి కదలికలకు అందని లోతు వరకు, దళసరి నల్లరేగడిలో సుమారు 3.5 మీటర్లు, సన్నని గుండ్రని గోతులు తవ్వి, అడుగున గోతిని వెడల్పు చేసి కాంక్రీటు నింపుతారు. అడుగున ఉన్న ఉబ్బు స్తంభాన్ని పైకి లేవనివ్వదు, కిందికి దిగనివ్వదు. స్తంభాలను కలిపే దూలానికీ నేలకూ మధ్య సుమారు 8 సెంటీమీటర్ల ఖాళీ విడిచిపెడతారు. మట్టి ఉబ్బితే ఆ ఖాళీలోకి ఉబ్బుతుంది, దూలం జోలికి రాదు.

నేలతో పోరాడకుండా దాని కదలికను తట్టుకునే ఉపాయం తెలుగు నేలకు కొత్త కాదు. హనుమకొండలో 1163 నాటి వేయిస్తంభాల గుడికి, పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడికి కాకతీయుల శిల్పులు పునాది గోతులలో ఇసుక నింపి, దానిపై రాతి కట్టడాన్ని నిలిపారు. ఇసుక తడికి ఉబ్బదు, ఎండకు కుంచించుకుపోదు. అయితే, ఈ కిటుకును చూసి నల్లరేగడిలో తీసిన ఏ గోతిలోనైనా ఇసుక పోస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. బయటి నీటిని అరికట్టకపోతే ఆ ఇసుక గొయ్యి నీటి తొట్టిగా మారి చుట్టూ ఉన్న రేగడిని నానబెడుతుంది. ఈ లోపాన్ని గుర్తించిన బొంబాయి ఐ.ఐ.టి. ఆచార్యుడు ఆర్.కె. కట్టి, ఇసుకకు బదులు అతుక్కునే గుణం ఉండి ఉబ్బని మట్టిని, ఎర్రమొరం వంటిదానిని, దాదాపు మీటరు మందాన పొరలుపొరలుగా దిమ్మిస చేసి పరచడం మేలని పరిశోధనల ద్వారా నిరూపించారు.

కట్టి ఉన్న ఇంటికి ఈ విధానాలు అందుబాటులో ఉండవు. దానికి మిగిలినది ఏటేటా చేసే కాపలా. మృగశిర కార్తె రాకముందే డాబా గొట్టాలలోని ఆకులు తీయించడం, కాంక్రీటు పట్టీ బీటలను తారుతో మూయించడం, కాలువ పూడిక తొలగించడం, ఇవి ఒక్క రోజు కూలితో పూర్తయ్యే పనులు. తొలి భారీ వర్షం కురుస్తున్నప్పుడు గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, నీరు ఎక్కడ నిలుస్తున్నదో గుర్తు పెట్టుకోవాలి. వాన వెలిసిన గంటకు కూడా గోడ మొదట్లో నీటి మడుగు కనిపిస్తే, బాగుచేయించవలసిన పని ఆ చోటనే ఉన్నది.